ఎండుతూ బరువెక్కిన నెత్తళ్ళు

రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ పాఠాలు చెబుతాను. నా ఉద్యోగాన్ని ఏడాదికోసారి పొడిగిస్తారు. పొడిగించినట్టు కాగితమేమీ ఇవ్వరు. జూన్‌లో టైంటేబుల్ అంటించినప్పుడు అందులో నా పేరుంటే ఉద్యోగం ఉన్నట్టు. నాకు కోపం ఎక్కువని ఇంట్లో అంటారు. కాలేజీలో ఎవరూ అనరు. అక్కడ కోపం తెచ్చుకునే హోదా నాకు లేదు.

పాఠాలు కాక పీహెచ్‌డీ కూడా చేస్తున్నాను. ఎన్నేళ్ళ నుంచి అని అడక్కండి. నా విషయం గీతలు. ఒకే పనిని పదే పదే చేసి, చేసిన ప్రతిసారీ కొలతలు తీసుకుంటే, ఒక్కో విడతకు ఒక్కో గీత వస్తుంది. అలాంటి గీతలు చాలా పోగైనప్పుడు అన్నిటినీ ఒకే బొమ్మలో ఎలా గీయాలి, గీశాక ఏం చూడాలి అన్నది నా పరిశోధన. మా మేనమామకు ఒకసారి ఇదంతా వివరంగా చెప్పాను. ఆయన వరి, మొక్కజొన్న పండిస్తాడు. ఓపిగ్గా విని, "కలిపి గీయడానికి ఇన్నేళ్ళేటిరా? ఒకదాని మీద ఒకటి గీసీడమే కదా" అన్నాడు. అంత తేలిక కాదని చెప్పాను. నిజానికి అంతే.

మా గైడుగారు విజయనగరంలో ఉంటారు. పుస్తకాల్లో ఉన్న పాత లెక్కలు వాడితే ఎవరూ చదవరు, ఏదైనా కొత్తది కొలిచి తీసుకురా అన్నారు. ఆయనకు జిల్లా ఆఫీసులో తెలిసినాయన ఒకరున్నారు. భోగాపురం దాటి సముద్రం వైపు వెళితే ఉన్న ఒక ఊళ్ళో, చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు తమకు బల్లలు కావాలని ఆ ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నారట. వెదురు గెడలు కట్టి, పైన వల బిగించిన ఎత్తు బల్లలు. ఇసకలో కంటే బల్ల మీద చేప త్వరగా ఎండుతుందని ఎవరైనా కొలిచి చూపిస్తే మంజూరుకు రాస్తామని ఆఫీసాయన అన్నారు. అలా నెత్తళ్ళు నా పరిశోధనలోకి వచ్చాయి. నెత్తళ్ళంటే వేలెడంత ఉండే సముద్రపు చేపలు. అంతవరకూ వాటితో నా పరిచయం కంచం దగ్గరే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అక్కడికి వెళ్ళాను. ఆ ఆడవాళ్ళ సంఘం తరఫున నాతో మాట్లాడినావిడ అందరికంటే పెద్దది. అరవై దాటి ఉంటాయి. గంప నెత్తిన పెట్టుకుంటే నిటారుగా నడుస్తుంది, దించితే వంగిపోతుంది. ఇసకలో పరిచిన చేపల్ని రోజుకు నాలుగైదుసార్లు తిప్పాలి. తిప్పాలంటే వంగాలి. కుక్కల్ని తోలాలంటే లేవాలి, మళ్ళీ వంగాలి. మబ్బు పడితే అన్నీ ఎత్తుకోవాలి. బల్లలొస్తే మీకేం లాభం అని అడిగాను. ప్రశ్నల కాగితంలో ఆ ప్రశ్న ఉంది.

"నిలబడి సేపలు తిప్పుతాను బాబూ. నిలబడి పని సేసి ఎన్నాళ్ళయినాదో" అంది.

కాగితంలో జవాబుకు ఇచ్చిన గళ్ళు నాలుగే: నాణ్యత, ధర, సమయం, ఇతరములు. ఇతరముల్లో టిక్కు పెట్టాను.

పద్ధతి నేనే రాశాను, చాలా బాగా రాశానని అప్పట్లో అనుకున్నాను. నమూనాకు ఒక బల్ల కట్టించాను. ఒక్కో విడతా రెండు రోజులు. విడత మొదలైన రోజు పొద్దున్న అయిదు కిలోల నెత్తళ్ళు ట్రేలో పోసి బల్ల మీద, ఇంకో అయిదు కిలోలు అలాంటి ట్రేలోనే ఇసక మీద. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకు రెండేసి గంటలకోసారి రెండు ట్రేలనూ కాటా మీద పెట్టి చూడాలి. రెండో రోజూ అంతే. నీరు పోయే కొద్దీ బరువు తగ్గుతుంది. తగ్గడమే గీత. ఇరవై విడతలు చేస్తే బల్లవి ఇరవై, ఇసకవి ఇరవై, మొత్తం నలభై గీతలు.

బల్ల మీద పెట్టే చేప ప్రాజెక్టు డబ్బుతో నేను ఆ పెద్దావిడ దగ్గరే కొన్నాను. ఇసక మీదిది ఎలాగూ ఆవిడ ఎండబెట్టుకునే చేపే కాబట్టి ఆవిడదే వాడమన్నాను. సగం ఖర్చు మిగిలిందని గైడుగారు మెచ్చుకున్నారు. ఆయన నన్ను మెచ్చుకోవడం అరుదు కాబట్టి ఈ సంగతి గుర్తుంది.

వారం రోజులూ నాకు క్లాసులుంటాయి. అందుకని తూకం పని ఇద్దరికి అప్పగించాను. ఒకరు ఈ పెద్దావిడ. ఆవిడ గంపతో విజయనగరం మార్కెట్టుకు వెళ్ళే విడతల్లో పక్కింటావిడ. ఈమె వయసులో చిన్నది, సంఘం పుస్తకాలు రాసేది కూడా ఈమే. ఒక విడత మొదలుపెట్టినవాళ్ళే దాన్ని పూర్తిచేయాలన్నాను. సంఘం ఫోను ఒకటి ఉంది. ట్రేని కాటా మీద పెట్టగానే ఫొటో తీసి నాకు వాట్సాప్ చేయాలి. మొదటి రోజుల్లో వచ్చిన ఫొటోల్లో కాటా, గంప, పక్కన కూర్చున్నవాళ్ళు, ఒకసారి కుక్క, అన్నీ ఉండేవి. అంకెలు ఉండేవి కావు. అంకెలు మాత్రమే పడాలి, ఇంకేమీ పడకూడదు అని గట్టిగా చెప్పాను. వాళ్ళు నేర్చుకున్నారు. ఆ తరవాత వచ్చిన ఫొటోల్లో అంకెలు తప్ప ప్రపంచంలో ఏమీ లేదు.

నలభై రోజులు నా ఫోను అలా రెండేసి గంటలకు మోగింది. క్లాసులో మోగితే పిల్లలు "నెత్తళ్ళు సార్" అనేవాళ్ళు. మార్చి ఆఖరుకు ఇరవై విడతలూ పూర్తయ్యాయి.

ఇక ప్రోగ్రాం. నేను వాడే ప్రోగ్రాం పేరు ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం. డబ్బు కట్టక్కర్లేదు, మా కాలేజీకి అందుకే నచ్చింది. ఇరవై విడతల ఫైళ్ళూ ఒకదాని తరవాత ఒకటి తెరిచి, ఒక్కోదాని రెండు గీతలూ గీయమని లూపు రాశాను. నడిపాను. తెర మీద రెండు గీతలు కనిపించాయి. ఇసక గీత మెల్లగా దిగుతోంది. బల్ల గీత దాని కింద నుంచి చకచకా దిగి, మర్నాటికల్లా అడుక్కు చేరింది. ఇరవై విడతలూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా పడి, రెండే గీతల్లా కనిపిస్తున్నాయని అనుకున్నాను. స్టాటిస్టిక్స్ చెప్పేవాడు అలా అనుకోవచ్చా అని మీరు అడగవచ్చు. సంతోషంలో ఉన్నవాడు అనుకుంటాడు.

ఆ సంతోషంలోనే పెద్దావిడకు ఫోను చేశాను.

"అమ్మా, బల్ల గెలిచింది. బల్లలు వచ్చేస్తాయి" అన్నాను.

"నిజమేనా బాబూ? ఒస్తాయా?" అని, ఫోను పెట్టకుండానే ఎవరినో కేకేసి, "ఒసే, బల్లలొచ్చేత్తన్నాయట! మేస్టారు సెప్పినారు" అంది. అవతల చాలామంది ఒక్కసారి మాట్లాడటం వినిపించింది. ఎవరో నవ్వారు. ఫోను ఆపకుండా కాసేపు అలాగే విన్నాను. నా గీతలు విని ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి.

ఒక పావుగంట తరవాత గుర్తొచ్చింది. గీయమనే ఆ ఆజ్ఞ ఇచ్చినప్పుడల్లా ప్రోగ్రాం ఒక కొత్త కాగితం తీస్తుంది. పాత కాగితం పోతుంది. లూపులో ఇరవైసార్లు ఆ ఆజ్ఞ ఇచ్చాను. పందొమ్మిది కాగితాలు చింపేసి, ఇరవయ్యోది చూపించింది. నేను చూసింది నలభై రోజుల పని కాదు, ఆఖరి రెండు రోజుల పని. ఈ తప్పు చేయొద్దని సెకండియర్ పిల్లలకు ప్రతి ఏడాదీ చెబుతాను. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న కూడా ఇస్తాను.

మొదటిసారి మాత్రమే కాగితం తీసి, మిగతావన్నీ అదే కాగితం మీద చేర్చమనాలి. చేర్చమన్నాను. ఈసారి కొన్ని గీతలు అంచు దాటి మాయమయ్యాయి. మొదటి గీత తనకు ఎంత చోటు కావాలో అంతే తీసుకుంటుంది, తరవాత వచ్చేవాళ్ళ సంగతి పట్టదు. అందుకని అన్ని విడతల్లోనూ అన్నిటికంటే ఎక్కువ బరువు, అన్నిటికంటే తక్కువ బరువు ముందే వెతికి, కాగితం ఆ మేరకు తీయాలి. అదీ చేశాను. అప్పుడు నలభై గీతలూ వచ్చాయి, అన్నీ నల్లగా, ఏది ఎవరిదో తెలియకుండా. తెగిపోయిన వలను కుప్పగా పోసినట్టుంది.

ఆ కుప్పను గైడుగారికి పంపాను. ఆయన అరగంటలో ఫోను చేశారు. "ఇదేమిటయ్యా? సగటు తీసి పంపు. ఇసకకొక గీత, బల్లకొక గీత. ఆఫీసువాళ్ళు కూడా అదే అడుగుతారు" అన్నారు.

సగటు తీశాను. రెండు గీతలూ పక్కపక్కనే దిగాయి. చివరికి వచ్చేసరికి బల్ల గీత ఇసక గీత కంటే కాస్త పైనే ఆగింది. అంటే బల్ల మీద చేప ఇసక మీది కంటే తక్కువ ఎండింది. గైడుగారు చూసి, "తేడా లేదని రాసెయ్. అదీ ఒక ఫలితమే" అన్నారు. ఆయన మాట నిజమే. పరిశోధనకు అది కూడా ఫలితమే. నాకు చాప్టరు వస్తుంది. పెద్దావిడకు బల్ల రాదు. వస్తుందని నేను చెప్పేశాను, ఆవిడ ఊరంతా చెప్పేసింది. రెండు రోజులు ఆవిడ నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం కూడా వస్తుంది.

రాయాల్సింది ఎలాగూ గీతలన్నీ కలిపి చూడటం గురించే కదా అని, ఆ నల్ల కుప్పనే మళ్ళీ తీశాను. ఇసక గీతలకు పసుపు, బల్ల గీతలకు నీలం. రంగులు బాగా పలచన చేశాను. గీతలు ఒకచోట గుమిగూడితే అక్కడ ముదురుగా కనిపిస్తుంది, ఒంటరిగా ఉంటే కనీకనిపించనట్టుంటుంది. అప్పుడు చూశాను. పసుపు గీతలన్నీ ఒకే దారిన దిగాయి. నీలం గీతలు మాత్రం రెండు గుంపులు. ఒక గుంపు ఇసక గీతల కింద నుంచి చక్కగా దిగింది, నన్ను మోసం చేసిన ఇరవయ్యో విడత అందులోదే. ఇంకో గుంపు కొంతవరకు దిగి, రెండో రోజు ఎండ ముదిరే వేళకు పైకి లేచింది. చేప ఎండుతూ బరువు పెరిగింది. ఈ రెండు గుంపులకూ సగటు తీస్తే, ఏ విడతలోనూ లేని గీత ఒకటి మధ్యలో పుట్టింది. గైడుగారికి నేను చూపించింది, ఆఫీసుకు చూపించబోయింది దాన్నే.

తేదీలు చూశాను. చక్కగా దిగిన తొమ్మిది విడతలూ పక్కింటావిడ తూచినవి. పైకి లేచిన పదకొండూ పెద్దావిడ తూచినవి. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు.

గైడుగారికి చెబితే, "నీళ్ళు చల్లుతోందేమో. బరువు కోసం సంతలో చేసే పనే కదా. ఆవిడ విడతలు తీసిపారెయ్" అన్నారు. నీళ్ళు చల్లితే ఆవిడకు ఏమొస్తుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కోపంలో ఉన్నవాడికి మనిషి దొరికితే చాలు, కారణం అక్కర్లేదు. మిగిలిన తొమ్మిదింటినే చూపించి బల్ల గెలిచిందని రాయవచ్చు. కానీ నచ్చని సగాన్ని ఎందుకు తీసేశావని ఆఫీసులో ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏప్రిల్ మధ్యలో సముద్రం మీద వేట నిషేధం మొదలవుతుంది. రెండు నెలలు పడవ కదలదు, నెత్తళ్ళు రావు. మిగిలింది రెండు వారాలు.

మర్నాడే సెలవు పెట్టి, చెప్పకుండా వెళ్ళాను. రాజాం నుంచి విజయనగరం, అక్కడి నుంచి భోగాపురం, అక్కడి నుంచి ఆటో. దారంతా ఆవిడతో ఏమనాలో మనసులో తయారు చేసుకున్నాను. అన్నీ చాలా మర్యాదైన వాక్యాలు.

నేను వెళ్ళేసరికి పది దాటింది. పదిమంది దాకా ఆడవాళ్ళు ఇసకలో చేపలు పరుస్తున్నారు. పెద్దావిడ నన్ను చూసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఏటి మేస్టారూ, ఫోనెత్తితే నేదు? బల్లలేనా తెచ్చినారేటి?" అంది నవ్వుతూ.

తయారు చేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. "నీళ్ళు చల్లుతున్నావా నువ్వు?" అన్నాను. అంతవరకూ ఆవిణ్ణి మీరు అనేవాణ్ణి.

ఇసకలో చేపలు పరుస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"ఏటన్నారు?" అంది.

"నువ్వు తూచిన రోజుల్లోనే చేప బరువు పెరుగుతోంది. ఎండలో పెట్టిన చేప ఎక్కడైనా బరువు పెరుగుతుందా?"

ఆవిడ నమూనా బల్ల దగ్గరికి వెళ్ళి, తన గంపలోంచి అయిదు కిలోల నెత్తళ్ళు ట్రేలో పోసి, కాటా మీద పెట్టింది. ఫోను తీసి, అంకెలు తప్ప ఏమీ పడకుండా ఫొటో తీసింది. తరవాత వంగి, గంపలోంచి ఇంకో గుప్పెడు నెత్తళ్ళు తీసి ట్రేలో వేసి, బల్ల మీద సర్దింది. చెయ్యి ఎంత అలవాటుగా వెళ్ళిందంటే, వేస్తున్నట్టు ఆవిడకే తెలిసిందో లేదో. ఆ గుప్పెడు నాకు చూపించాలని వేసింది కాదు. నీళ్ళు లేవని చూపించాలనే తూచింది.

"అది ఏటమ్మా?" అన్నాను.

"ఏది?"

"ఆ గుప్పెడు."

"కొసరు" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "మేస్టారి సేప కదా. పరాయోళ్ళ సేప కాటా ఎక్కినాక కొసరు పడకపోతే ఎలగ? ఉత్తినే తూసి ఇచ్చీడానికి నాకు సెయ్యాడదు."

"ప్రతిసారీ వేశారా?"

"తూసినప్పుడల్లా వేసినాను. ఎయ్యకపోతే తప్పు గానీ, ఎయ్యడం తప్పేటి?"

రెండు రోజుల్లో పదిసార్లు తూకం. పదిసార్లు కొసరు. ఇసక మీద ట్రే తనదే కాబట్టి దానికి వేయలేదు. తనకు తాను ఎవరైనా కొసరు వేసుకుంటారా? పక్కింటావిడ మాత్రం కొసరు కొన్నప్పుడే ఒకసారి వేస్తారని, ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక అదీ లేదని నమ్మే మనిషి. ఫొటో కొసరుకు ముందే తీసేది. అంకెలు తప్ప ఏమీ పడకూడదని నేర్పింది నేను. బల్ల చేప నాది, ఇసక చేప ఆవిడది అని విడగొట్టి, సగం ఖర్చు మిగిల్చిందీ నేనే. బల్ల ఓడిపోవడానికి బల్ల కావలసిన మనిషే నలభై రోజుల్లో సగం రోజులు తన చేప తెచ్చి పోసింది. నేను వచ్చి నీళ్ళు చల్లావన్నాను.

"అమ్మా..." అన్నాను.

"నీళ్ళు సల్లి సేపమ్మే మనిషినా నాను?" అంది. గొంతు పెంచలేదు. సంఘం ఫోను నా చేతిలో పెట్టి, గంప ఎత్తుకుని, నిటారుగా వెళ్ళిపోయింది. మిగతా ఆడవాళ్ళు మళ్ళీ చేపలు పరచడం మొదలుపెట్టారు. ఎవరూ నన్ను కూర్చోమనలేదు.

వెనక్కి వచ్చే బస్సులో చాలా సేపు కిటికీలోంచి చూశాను. ఏం చూశానో చెప్పలేను. నా చదువు మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

క్షమాపణ ఎలా చెప్పాలో తెలియని మనిషి తనకు చేతనైన పని చేస్తాడు. నేను లెక్క కట్టాను. పక్కింటావిడ విడతల గీత ఎంత దిగిందో, పెద్దావిడ విడతల గీత దాని కంటే ఎంత పైన ఉందో, ఆ తేడా ఒక్కో తూకానికీ తీసి, కొసరుగా పడిన చేప ఎంతో తేల్చాను. పెద్ద గంప నిండింది, ఇంకా మిగిలింది. ఈ లెక్క చెప్పి, చేప ఖరీదు ఇచ్చేస్తే ఆవిడ మనసు కుదుటపడుతుందని అనుకున్నాను. ఇది కూడా నాకు అప్పట్లో మంచి పద్ధతిలాగే కనిపించింది.

ఆదివారం వెళ్ళాను. ఆవిడ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వల చిక్కు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. తప్పయిపోయిందన్నాను. ఆ మాట అనడానికి నాకు రాజాం నుంచి ఇక్కడి వరకు పట్టింది. తరవాత లెక్క చెప్పాను.

ఆవిడ చేతులు ఆగాయి. "కొసరు లెక్కెట్టినారా?" అంది. నీళ్ళు చల్లావన్నప్పటి కంటే ఎక్కువగా నొచ్చుకున్నట్టు కనిపించింది. "లెక్కెడితే అది కొసరేటి బాబూ? ఆ మాట ఇంకెవులికీ సెప్పకండి. నాకు సిగ్గు."

చెప్పనన్నాను. డబ్బు జేబులోంచి తీయలేదు, ఆ మాత్రం తెలివి మిగిలింది.

వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని తనే అడిగింది. "అయితే నాను కొసరేసినందుకు బల్లలు పోయినట్టేనా?"

ఫోనులో బొమ్మ తీసి చూపించాను. పసుపు గీతలు ఇసకవి, నీలం గీతలు బల్లవి, ఒక్కో గీతా ఒక్కో విడత అన్నాను. ఇంకా చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తెర దగ్గరికి తెచ్చుకుని చూసింది. వేలితో చూపిస్తూ, "పైకి లేసినయ్యి నావి. కిందకి పోయినయ్యి దానివి" అంది, పక్కింటి వైపు తల ఆడిస్తూ. మా గైడుగారికి ఆ బొమ్మ అర్థం కావడానికి రెండు ఫోన్లు పట్టాయి.

"మళ్ళీ తూద్దామా అమ్మా? వేట ఆగేలోపు ఆరు విడతలు అవుతాయి. కొసరు మాత్రం..."

"సేప మీదైతే కొసరు పడతాది. నానాపినా నా సెయ్యాగదు." ఆలోచించింది. "బల్ల మీది సేప కూడా నాదేనని సెప్పీండి. నాదానికి నాను కొసరేసుకుంటానేటి?"

పీహెచ్‌డీలో నాకు వచ్చిన సలహాలన్నిటిలోకీ మంచిది అదే. "బల్ల మీది చేప మీదే" అన్నాను, పక్కింటావిడ వినేలా. ఆవిడ తల ఊపి, సంఘం ఫోను ఇటివ్వమని చెయ్యి చాపింది.

ఆరు విడతలూ ఆవిడే తూచింది. కాగితం ఒక్కటే తీసి, చోటు ముందే కొలిచి, ఆరు విడతల గీతలూ కొత్త బొమ్మలో గీశాను. నీలం గీతలు ఆరూ ఒకే దారిన, ఇసక గీతల కింద నుంచి దిగాయి. ఏదీ పైకి లేవలేదు. పాత నలభై గీతల్నీ వెనక బూడిద రంగులో ఉంచాను. గైడుగారు బూడిద గీతలు తీసెయ్ అన్నారు, చూడ్డానికి బాగా లేవన్నారు. తీయనన్నాను. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన ఆశ్చర్యపోయి ఊరుకున్నారు. బొమ్మ కింద ఒక వాక్యం రాశాను: బూడిద రంగు గీతల్లో పైకి లేచినవి, తూకం తరవాత కొసరు వేసిన విడతలు.

మే నెలలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. రిపోర్టు చదివిన ఆయనే. అంతా బాగుంది, ఒక్క సందేహం అన్నారు. "ఈ కొసరు మొత్తం ఎంత అయ్యుంటుందండీ? ఒక అంకె ఉంటే ఫైల్లో రాసుకుంటాం."

ఆ అంకె నా దగ్గర ఉంది. గ్రాములతో సహా ఉంది. నేను తీసిన లెక్కల్లో అంత జాగ్రత్తగా తీసింది ఇంకోటి లేదు.

"లెక్కపెట్టలేదు సార్" అన్నాను.

"స్టాటిస్టిక్స్ కదండీ మీరు?" అన్నారు.

"అవును సార్" అన్నాను.

వేట మళ్ళీ మొదలైన కొన్నాళ్ళకు బల్లలు వచ్చాయి. ఇరవై అడిగితే పన్నెండు ఇచ్చారు. వాటా కుదుర్చుకుని వాడుకుంటున్నారని తెలిసింది. ఆ జూన్ టైంటేబుల్లో నా పేరు కూడా ఉంది. ఒక ఆదివారం పని లేకపోయినా వెళ్ళాను.

పెద్దావిడ బల్ల ముందు నిలబడి ఉంది. వంగలేదు. నడుము ఎత్తు బల్ల మీద రెండు చేతులతో నెత్తళ్ళు తిప్పుతోంది, పక్కబల్ల ఆవిడతో మాట్లాడుతూ, కుక్కను నోటితోనే తోలుతూ. నేను వచ్చినట్టు చూసి కూడా తిప్పడం ఆపలేదు. ఆ పని నిలబడి చేయడం ఎంత బాగుందో నాకు చూపిస్తోందని అర్థమైంది. చాలాసేపు చూశాను.

ఒక కిలో ఎండు నెత్తళ్ళు కావాలన్నాను. కాటా మీద పోసింది. అలవాటుగా నా కళ్ళు అంకెల వైపు వెళ్ళబోతే, పక్కకు తిప్పుకున్నాను. సంచీలో పోసింది. గంపలోంచి ఒక గుప్పెడు తీసి వేసింది. నేను సంచీ మూతి కట్టబోతుంటే, ఆగమని ఇంకో గుప్పెడు వేసింది.

"రెండుసార్లేటమ్మా?" అన్నాను.

"ఒకటి కొసరు" అంది. మొహంలో ఏ మార్పూ లేదు. "రెండోది నాను నీళ్ళు సల్లినందుకు."

పక్కబల్లల దగ్గర ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది, సంచీ రెండు చేతులతో పట్టుకోవడం వల్ల వెంటనే కుదరలేదు.